అమ్మమ్మ కోసిన మూల

మార్చి 3

పెట్టెలు వచ్చేశాయి. మూడు. హ్యూస్టన్ నుంచి, ఆర్టిస్టు బోమా పంపినవి. మొదటిది తెరిచీ తెరవగానే వాసన... గంజి, పాత నూలు. చెయ్యి పెట్టాను. ఎరుపు నలుపు గళ్ళు, మధ్యమధ్య తెల్లపోగు. ఎనిమిది గజాలు.

ఇది మా వీధి గుడ్డ! చీరాలలో నాన్న మగ్గం మీద చూసిన గుడ్డ ఇక్కడ, పిస్కాటవేలో, గ్యాలరీ బల్ల మీద పరుచుకుని ఉంది. గ్యాలరీ చూసుకునే ఎలెన్ కంగారుపడి "ఆర్ యూ ఓకే?" అంటుంది. ఓకే ఏమిటి నా మొహం. ముప్పై ఏళ్ళు మందుల ల్యాబ్‌లో పనిచేసి రిటైరై, కాలక్షేపానికని ఇక్కడ గుడ్డలు సర్దే పనిలో చేరితే, ఇది ఎదురొచ్చింది.

పెట్టెతో వచ్చిన కాయితంలో "నైజీరియా, కుటుంబ వస్త్రం" అని ఉంది. నైజీరియా అట! ఆ ఒక్క లైను చూసి పక్కన పడేశాను. గుడ్డ గురించి నాకు కాయితం చెప్పాలా?

మార్చి 4

పొద్దున్నే కాఫీ కూడా కలపకుండా కూర్చున్నాను. ఈయన అరుస్తున్నారు. అరవనీ.

ఎగుమతి రుమాళ్ళు అనేవాళ్ళం. "ఎనిమిది గజాల రుమాలుతో ముక్కు తుడుచుకునే మహానుభావుడెవరు నాన్నా?" అని అడిగాను ఒకసారి. గుంట మగ్గంలో కాళ్ళాడిస్తూనే నవ్వాడు. "ఆఫ్రికాలో అంటమ్మా. పెళ్ళికీ చావుకీ ఇదే కడతారంట." వీధి వీధంతా నేసేవాళ్ళు, ఒక్కరైనా కట్టుకోలేదు. మనకు కాదది. పెట్టెల్లో మద్రాసు పోయేది, అక్కణ్ణుంచి ఓడలో.

పోగు తెగితే పిలుపు నాకే. "సుబ్బులూ, రావే, నీ కళ్ళు కావాలి." చిన్న వేళ్ళు కదా. కొసకి కొస చేర్చి, నలిపి, ముడి కనపడకుండా అతికేదాన్ని. షావుకారు మనిషి వచ్చి గుడ్డని వెలుతురుకి ఎత్తి పట్టేవాడు. ఒక్క పోగు లేకపోయినా చుట్టి మొహాన కొట్టేవాడు. నాన్న చేతులు కట్టుకుని నిలబడేవాడు. వాడంటే నాకు అప్పుడూ మంట, ఇప్పుడూ మంటే.

మార్చి 5

బోమాతో వీడియో కాల్. ముప్పై ఉంటాయేమో, పెద్ద నవ్వు. పదిమంది ఆర్టిస్టుల షో ఇది. నైజీరియా, ఘనా వాళ్ళు, ఇక్కడే పుట్టిన వాళ్ళ పిల్లలు. మా దగ్గరయ్యాక లండన్ వెళ్తుంది, తర్వాత లేగోస్. అందులో ఈ అమ్మాయి వంతు వాళ్ళ అమ్మమ్మ గుడ్డలు మూడు.

"మా వాళ్ళు దీన్ని ఇంజిరి అంటారు ఆంటీ. అసలైన ఇండియా అని." వాళ్ళూ పరాయి పెద్దవాళ్ళని ఆంటీ అంటారట! మా నాన్న ఇవే నేసేవాడని చెప్తే నోటి మీద చెయ్యి పెట్టుకుంది. నేనేమో ఏడ్చేశాను, సిగ్గులేకుండా, ఎలెన్ ముందే.

పదమూడున వస్తానంది.

మార్చి 6

అయ్యో. మొదటి గుడ్డకి ఒక మూల, అరచేయంత మేర, తెల్లపోగులు లేవు. చిమ్మెట తిన్నట్టుంది. ఎన్నేళ్ళు పెట్టెలో మగ్గిందో పాపం. చిన్నచిన్న చిరుగులుంటే బాగుచెయ్యమని ఎలెన్ ముందే చెప్పింది.

కొత్త దారం వాడితే రంగు పట్టిచ్చేస్తుంది. గుడ్డ చివర నిలువు పడుగు పోగుల కొసలు వేలాడుతున్నాయి కదా, వాటిలోంచే పోగులు తీశాను. అదే నూలు, అదే వయసు.

మార్చి 7

రోజంతా అదే. మెడ పట్టేసింది. ఎంత సంతోషంగా ఉందో.

మార్చి 8

అయిపోయింది. పాత కొసలు పైకి లేస్తుంటే కత్తిరించేశాను, చదునుగా కూర్చుంది. ఎలెన్ భూతద్దం పెట్టి వెతికింది. ఎక్కడ అతికానో దొరకలేదు. "నువ్వు మెజీషియన్‌వి" అంది. షావుకారు మనిషి వెయ్యిసార్లు వెలుతురుకి ఎత్తినా పట్టుకోలేడు. నాన్నా, చూశావా?

మార్చి 10

రెండో పెట్టె తెరిచాను.

గుడ్డ పొడుగునా తెల్లపోగులు లేవు. ఎనిమిది గజాలూ. కానీ వరసగా, లెక్కగా. తెల్లపోగులు తీసేసిన చోట నల్లగళ్ళు నిలబడి, వెలుతురులో ముగ్గేసినట్టుంది. చిమ్మెటలు ముగ్గులెయ్యవు. పక్కన పడేసిన కాయితం వెతికి రెండో పేజీ తిప్పాను.

బోమా రాసింది: మా వాళ్ళు ఈ గుడ్డ కొన్నాక సూదితో పోగు లేపి, బ్లేడుతో కోసి, లాగేస్తారు. అలా చేస్తేనే అది మాదవుతుంది. మొదటి పెట్టెలోది అమ్మమ్మ ఆఖరి గుడ్డ. ఒక్క మూల కోసింది. తర్వాతి వారం పోయింది.

ఆ మూల.

ఇంటికొచ్చి చెప్తే ఈయన టీవీ ఆపేశారు. "చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది? కనపడదని నువ్వే అన్నావుగా." ఆ అమ్మాయి చూసేదే ఆ మూల కోసం అయితే, కనపడకపోవడమేగా ఘోరం!

మార్చి 11

చెప్పాను. ముందు ఎలెన్‌కి. "చదవమని ఇచ్చాను కదా" అంది. తర్వాత బోమాకి ఫోన్. "వచ్చాక చూస్తాను" అంది. ఈసారి ఆంటీ అనలేదు.

మార్చి 12

చీరాలకి ఫోన్ చేశాను. మగ్గం తీసేసి చాలా ఏళ్ళయింది అన్నయ్యకి, అయినా గుడ్డ మాటొస్తే గొంతు మారిపోతుంది. వాళ్ళు పోగులు కోస్తారని చెప్పాను.

"కోత్తారా? ఏందే సుబ్బులూ నువ్వనేది? ఒక్క పోగు పోయిందని నాన్న ఆ షావుకారు మనిషి కాళ్ళ మీద పడ్డాడే! కోయటానికా మనం కళ్ళు పోగొట్టుకుంది?"

నాకూ కోపమే. నిజం రాస్తున్నాను, ఎవరు చూస్తారు గనక. ఆ కాయితం చదివినప్పుడు భయం కంటే ముందు వచ్చింది కోపమే. మా ఒళ్ళు హూనం చేసుకుని నేస్తే తీరిగ్గా కూర్చుని కోస్తారా అని.

అన్నయ్యే చివరికి, చాలా నెమ్మదిగా, "అయితే మన గుడ్డ మీద అంత ఇదిగా కూర్చునేవాళ్ళన్నమాట" అన్నాడు.

మార్చి 13

వచ్చింది. సూట్‌కేసుతో నేరుగా గ్యాలరీకే. గుడ్డని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి మూల పట్టుకుని చూసింది. తిప్పి చూసింది. వేలితో తడిమింది.

"చాలా బాగా చేశారు" అంది. చెంప మీద కొట్టినా బాగుండేది. "అమ్మమ్మ ఎక్కడ కోసిందో నాకే తెలియడం లేదు."

ఏడుస్తూ కూర్చుంది. నేను పక్కన కూర్చున్నాను. సారీ అని ఎన్నిసార్లు అన్నానో. ఎలెన్ నీళ్ళు తెచ్చి పెట్టి వెళ్ళిపోయింది. కాసేపటికి తనే మొదలుపెట్టింది. సెలవులకి నైజీరియాలో పోర్ట్ హార్కోర్ట్ వెళ్తే అమ్మమ్మ వరండాలో కూర్చుని కోస్తూ ఉండేదట. రా, నేర్పిస్తా, అనేదట. "ఫోన్ చూసుకుంటూ, తర్వాత అమ్మమ్మా, తర్వాత అమ్మమ్మా అనేదాన్ని. నాకు కోయడం రాదు ఆంటీ."

మళ్ళీ ఆంటీ అంది. తను గమనించిందో లేదో.

వెళ్ళేముందు అంది: "మీరే తీయండి. మీరు వేసిన పోగేదో మీకే తెలుసు. నేను పక్కన కూర్చుంటాను."

ఎల్లుండే ఓపెనింగ్. గోడ మీద ఆ గుడ్డ చోటు ఖాళీగా ఉంది.

మార్చి 14

బల్ల. దీపం. సూది, కొత్త బ్లేడు. భూతద్దం. పక్కనే బోమా.

పుట్టి బుద్ధెరిగాక నేసిన గుడ్డలో పోగు కోసింది లేదు. సూదితో లేపాను గానీ చెయ్యి ముందుకు రాదే... బోమా నా మణికట్టు మీద చెయ్యి వేసింది. కోశాను. లాగితే సుతారంగా వచ్చేసింది. వెనక సన్నటి సందు, అందులోంచి వెలుతురు. "ఇలాగే ఉండేది" అని ఊపిరి పీల్చుకుంది.

రెండు. మూడు. నా వేళ్ళకి అలవాటు పడుతోంది. సిగ్గుగా ఉంది రాయడానికి, కానీ బాగుంది ఆ పని. పదకొండు తీశాక ఆగాం, ఎలెన్ టీ తెస్తే. ఆ వెచ్చదనంలో మా నాన్న గురించి అడిగింది బోమా. చెప్పాను, షావుకారు మనిషితో సహా. "వాడెవడో అమ్మమ్మ గుడ్డ చూస్తే గుండె ఆగి చచ్చేవాడు" అంది. ఇద్దరం పగలబడి నవ్వాం.

మళ్ళీ కూర్చున్నాం. పన్నెండో పోగు లేపాను.

ఇది నాదేనా?

తిప్పి చూశాను. దీపం జరిపాను. అదే నూలు, అదే తెలుపు, అదే వయసు. కొసలు నేనే లోపలికి తోసేశాను, కనపడకూడదని. నేను వేసిందో, వాళ్ళ అమ్మమ్మ కోయకుండా వదిలిపెట్టిందో తెలియడం లేదు. నిజంగా తెలియడం లేదు.

సూది మీద పోగు అలాగే ఉంది. "ఏమైంది ఆంటీ?" అంటోంది బోమా.