తొమ్మిదో పాటలో కుట్టుమిషను

నేను, అంటే ఇన్నేళ్లుగా బ్లూస్ రాక్ గిటారు వాయించుకుంటూ బతికినవాడిని, రేపు గుండె ఆపరేషనుకు వెళ్లబోతూ ఇష్టపూర్వకంగా రాసుకుంటున్న వీలునామా ఇది. స్థిరచిత్తంతో రాస్తున్నానని రాయాలట. చిత్తం నాకు ఏనాడూ స్థిరంగా లేదు. ఈ నాలుగు ముక్కలు రాసేలోపే రెండుసార్లు లేచి గదంతా తిరిగొచ్చాను. బుద్ధి మాత్రం నిక్షేపంగా ఉంది. ఎవరి బలవంతమూ లేదు.

1. ఇంటి ముందుగదిలోని టైలరింగు షాపు, వెనకగదిలోని స్టూడియో నా భార్యకు చెందాలి. షాపు ఎలాగూ ఆవిడదే. స్టూడియోను బట్టల గోదాము చేసుకున్నా నాకు అభ్యంతరం లేదు. ఉంది. అయినా చేసుకోవచ్చు.

2. నా నల్ల గిటారు, పెట్టెతో సహా, నా కూతురికి. తల్లీ, నీకు వాయించడం రాదు, ఫరవాలేదు. గోడకు మాత్రం తగిలించకు. అప్పుడప్పుడు ఒళ్లో పెట్టుకుని తీగలు మీటు, చాలు. రెండో తీగ శ్రుతి దిగిపోతూ ఉంటుంది. దాన్ని విసుక్కోకు.

3. పెద్ద యాంప్లిఫయరు నా బావమరిదికి. మా బ్యాండులో బేస్ గిటారు వాడిదే. ఒక్క కచేరీకని పట్టుకెళ్లి ఏళ్లయింది. అడిగినప్పుడల్లా తెస్తాలే బావా అంటాడు. ఇక తేనక్కర్లేదు. కనీసం దుమ్మయినా తుడవమనండి.

4. అసలు సంగతి, నా ఆల్బమ్. ఎనిమిది పాటలు పూర్తయ్యాయి, వాటి జోలికి ఎవరూ పోవద్దు. తొమ్మిదోదే నన్ను కుదురుగా కూర్చోనివ్వడం లేదు.

మేం రికార్డింగు మొదలుపెడితే గోడ అవతల నా భార్య మిషను ఆపుతుంది. ఇది మా ఇంటి కట్టుబాటు. ఆ రోజు మాత్రం, మీ పాట రేపైనా పాడుకోవచ్చు, పిల్లలు రేపు బడికి ఏం వేసుకెళ్తారు అంది. చేతిలో యూనిఫాంల కుప్ప ఉంది. మేమూ పంతానికి పోయి మొదలుపెట్టాం. మైకుల్లోకి మిషను చప్పుడు వచ్చేసింది. డ్రమ్మరు తనకు తెలియకుండానే ఆ నడక పట్టుకున్నాడు, వాడి వెనక మేమూ. తరవాత మిషను ఆపించి ఎన్నిసార్లు వాయించినా పాటలో ప్రాణం లేదు.

ఆ మొదటిసారి వాయించిందే ఆల్బమ్‌లో ఉండాలి. సౌండు ఇంజనీరు చప్పుడంతా కంప్యూటరులో తీసేస్తానంటున్నాడు. మంచివాడే కానీ చెయ్యి ఊరుకోదు. ఈ వీలునామా అమలు చేసే బాధ్యత నా కూతురిది కాబట్టి, తను పక్కనే కూర్చుని కనిపెట్టాలి.

5. మూడో అంశంలో దుమ్ము మాట కొట్టేయండి. బావమరిది ఇప్పుడే వచ్చాడు. రేపు ఆసుపత్రికి తనే తీసుకెళ్తాడట, రాత్రికి ఇక్కడే పడుకుంటాడట. యాంప్లిఫయరు మాత్రం తేలేదు.

6. నాలుగులో ముఖ్యమైనది మిగిలిపోయింది. పాట చివర్లో మిషను ఆగిపోతుంది. దారం తెగింది. డ్రమ్ములు, బేసు తడబడి ఆగాయి. నేనొక్కడినే ఎటు పోవాలో తెలియక వాయిస్తూ ఉండిపోయాను. భయం వేసింది. వింటే ఇప్పటికీ వేస్తుంది. ఇంజనీరు ఆ ముక్క కత్తిరిద్దామంటాడు. కత్తిరించకూడదు. ఆవిడ సూదిలో దారం ఎక్కించుకుని మళ్లీ మొదలుపెడుతుంది, నేను అందుకుంటాను.

చప్పుడు ఎప్పుడో తీసేశామనే ఆవిడ అనుకుంటోంది. నేను తిరిగొస్తే నేనే వినిపిస్తాను. రాకపోతే మీరు వినిపించండి. మిషను ఆగినచోట, నా వల్లే పాట చెడింది అని లేచి వెళ్లబోతుంది. మిషను మళ్లీ మొదలయ్యేదాకా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టండి.

తేదీ: జూన్ తొమ్మిది, సాయంత్రం.

సంతకం: ఈ ఇంటి గిటారు మనిషి

సాక్షులు:
1. మా డ్రమ్మరు
2. పక్క మందుల షాపు ఆయన, నా బుద్ధి నిక్షేపంగా ఉందని తన పూచీ మీద