నీడ పడని హాలు

మధురవాడ హాస్టల్,
మంగళవారం, స్టడీ అవర్.

చిన్నీకి,

అక్క ముద్దులు. నువ్వూ, అమ్మా, నాన్నా, తాతయ్యా అందరూ బాగున్నారనుకుంటున్నాను. తాతయ్య మోకాళ్లు ఎలా ఉన్నాయి? నేను బాగానే ఉన్నాను. జ్వరం గిరం ఏమీ లేదు, కంగారు పడకు. ఇంగ్లీషు మీడియం దాన్ని కదా, ఒత్తులు తప్పుంటే నవ్వకు.

కుమారత్త టైలరింగ్ షాపు అడ్రస్‌కి ఎందుకు రాశానా అనుకుంటున్నావేమో. ఇంటికి వస్తే నాన్న చేతిలో పడుతుంది. నాన్న వెంటనే వార్డెన్ మేడమ్‌కి ఫోన్ చేస్తారు. నువ్వొక్కదానివే చదువు. అమ్మకి కూడా చూపించకు.

వచ్చే నెల మొదటి ఆదివారం నాన్న ఇక్కడికి వచ్చి, టెన్త్ అయ్యాక నువ్వు చేరడానికి సీటు ఖాయం చేస్తారట కదా. ఫోన్లో చెబుతూ ఎంత సంబరపడిపోయావో. చిన్నీ, నువ్వు రాకు. ఉత్తరం పూర్తయ్యేలోపు ఎవరైనా లాక్కుంటారేమోనని ముందే రాసేస్తున్నాను. రాకు.

"రమ్మన్నది నువ్వే కదే" అంటావు. నిజమే, నేనే. ప్రతి బుధవారం ఫోన్ స్పీకర్‌లో పెట్టి మేడమ్ పక్క కుర్చీలో కూర్చుంటారు. "మీ చెల్లి చేరితే నీ పక్క మంచం తనకే ఇస్తాను" అని ఆగస్టు నుంచి అంటున్నారు. అందుకే ఇక్కడ ఫ్రెండ్స్ బాగుంటారనీ, ఆదివారం చికెన్ పెడతారనీ నీకు చెప్పాను. ఆ మంచం సౌమ్యది. సౌమ్య మాట్లాడటం మానేసి వారంపాటు గోడవైపు తిరిగి కూర్చుంది. వాళ్ల నాన్న వచ్చి తీసుకెళ్లిపోయాడు. ఆ సంగతి నీకు చెప్పలేదు.

ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, పోయిన వారం ఇక్కడ సినిమా తీశారు.

దసరా సెలవులకి మా సెక్షన్‌ని ఇంటికి పంపలేదు కదా. మిగతావాళ్లు వెళ్లాక పాత బ్లాకూ, మెస్సూ నాలుగు రోజులకి సినిమా వాళ్లకి ఇచ్చారు. ఆడవాళ్ల జైలు కథట. మొదటి రోజు వ్యాన్లోంచి చెక్క ఊచలు, బూడిదరంగు పెయింటు డబ్బాలు దించబోయారు. సెట్టు వేసే ఆయన వరండా గ్రిల్లు చూశాడు, గోడలు చూశాడు, మెట్ల దగ్గర ఇనప గేటు చూశాడు. "అన్నీ వ్యాన్లోనే ఉంచండి. లైట్లు మార్చితే చాలు" అన్నాడు. మేం పడీ పడీ నవ్వాం.

రెండో రోజు మెస్‌లో టిఫిన్ సీను. జైలు చీరలు కట్టుకున్న ఆర్టిస్టులు ప్లేట్లతో లైన్లో నిలబడ్డారు. డైరెక్టర్ గారు నాలుగుసార్లు కట్ చెప్పారు.

"అమ్మా, మీరు పెళ్లి భోజనానికి వచ్చినట్టు దిక్కులు చూస్తున్నారు. పదేళ్లుగా ఇక్కడున్నవాళ్లు అలా చూడరు" అని విసుక్కున్నారు. అప్పుడే మేం వెనక కిటికీ దగ్గర ఉప్మాకి నిలబడ్డాం. ఆయన మావైపు వేలు చూపించారు. "అదిగో, ఆ పిల్లల్ని చూడండి. అలా ఉండాలి!"

ప్లేటు గుండెకి ఆనించి, ముందున్న పిల్ల జడవైపు చూస్తూ నిలబడి ఉన్నాం. అందరం. అలా నిలబడమని ఎవరూ చెప్పలేదు చిన్నీ. ఒకావిడ నన్ను చూసి ప్లేటు సరిగ్గా పట్టుకుంది. షాట్ ఓకే అయింది. ఎవరో చప్పట్లు కొట్టారు కూడా.

లైట్లు పెట్టే సింహాద్రి అంకుల్‌ది గాజువాక. నాన్న వయసుంటుంది. నేను పాత బ్లాకు గుమ్మం దగ్గర నిలబడి చూస్తుంటే స్టూలు జరిపి కూర్చోమన్నాడు.

"ఈ హీరోయిన్ పిల్ల జైలుకొచ్చిన మొదటి రోజని లైటు పక్కనెట్టాం. సూడు, గోడ మీద నీడ ఎంతుందో! మనిషికంటే పెద్దదుంది" అన్నాడు. "రేపు ఐదేళ్లు అయిపోయిన సీను. అప్పుడు లైట్లన్నీ పైకెత్తేత్తాం. నీడ పోద్ది. పొద్దో మాపో, ఏ నెలో కూడా తెలీకూడదు."

"నీడ ఎందుకు పోవాలి అంకుల్?"

"నానేటి సెప్తానమ్మా. కెమెరామేన్ గారు అలాగన్నారు. ఇక్కడికి అలవాటైపోయినోళ్లకి నీడుండదంట."

ఆ రోజు స్టడీ హాల్లో నా నీడ కోసం వెతికాను. మా హాల్లో ఆరు వరుసల ట్యూబ్‌లైట్లు. పొద్దున్న ఐదింటి నుంచి వెలుగుతూనే ఉంటాయి. బయటికి చూడకుండా కిటికీ అద్దాలకి పేపర్లు అంటించారు. బయట వాన పడినా, ఎండ కాసినా మాకు తెలియదు. బెంచీ కింద కూడా చూశాను. చేతి కింద బూడిద మరకలాంటిది తప్ప ఏమీ లేదు. "ఏం పోయిందే?" అని పక్క పిల్ల అడిగింది. పెన్ను అని చెప్పాను.

మూడో రోజు హీరోయిన్‌కి మళ్లీ ఆశ పుట్టే సీను. చీకటి గదిలో వెంటిలేటర్ నుంచి పలకంత ఎండ పడింది. ఆ పిల్ల మెల్లగా చెయ్యి చాపి అందులో పెట్టింది. గోడ మీద వేళ్ల నీడ కనిపించింది. ఎంత బాగుందో! నాకు ఏడుపొచ్చేసింది. జూన్లో చేరిన కొత్తలో ఆ గది నాదే. నేనున్నప్పుడు ఆ ఎండ ఎప్పుడూ రాలేదే అని బిల్డింగ్ వెనక్కి వెళ్లి చూశాను. వెంటిలేటర్‌కి బారెడు దూరంలో నాచు పట్టిన ప్రహరీ గోడ. మధ్యలో స్టాండు మీద పెద్ద లైటు, దానికి బట్టల క్లిప్పులతో పెట్టిన పసుపు కాగితం.

"సూరీడు ఇటు రాడు కదమ్మా. అందుకే మోసుకొచ్చాం" అని నవ్వాడు అంకుల్. షాట్ అవ్వగానే స్విచ్ ఆపేశాడు.

అసలు సంగతి ఇంకా చెప్పలేదు. జనరేటర్ బండి రోడ్డు మీద పెట్టి, కేబుళ్లు మెయిన్ గేటులోంచి లాగారు. "బావా, గేటెయ్యకు, కేబులు నలిగిపోద్ది" అని అంకుల్ వాచ్‌మన్‌తో అన్నాడు. ఆఖరి రెండు రోజులూ గేటు తీసే ఉంది. వాచ్‌మన్ షూటింగ్ చూడటానికి లోపలికెళ్లిపోయాడు. ఎదురుగా అరటిపళ్ల బండి. మన ఊరి అరటి మార్కెట్ యార్డు నుంచి వచ్చిన గెలలేనేమో అనుకున్నాను. నా దగ్గర ఇరవై రూపాయలున్నాయి. గేటు దాకా నడిచాను. అక్కడ కాళ్లు ఆగిపోయాయి.

"ఏటమ్మా, అలా నిలబడిపోయావ్?"

"స్లిప్ లేదు అంకుల్."

"ఏ స్లిప్పు?"

"బయటికెళ్లడానికి. పర్మిషన్."

అంకుల్ అటూ ఇటూ చూశాడు. "అడిగేవోడు ఎవడున్నాడమ్మా ఇక్కడ? నాలుగడుగులే కదా. నాను సూత్తాన్లే, ఎల్లిరా."

వెళ్లలేదు చిన్నీ. నేనే కాదు, మా సెక్షన్‌లో ఒక్కరూ వెళ్లలేదు. అంకులే వెళ్లి రెండు పళ్లు తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఆ తర్వాత నాతో జోకులు వెయ్యడం మానేశాడు.

నిన్న కేబుళ్లు చుట్టేశారు. వాచ్‌మన్ గేటు మూసి తాళం వేశాడు. ఆ చప్పుడు వినగానే నాకు హమ్మయ్య అనిపించింది. ఏడుపు కాదు, కోపం కాదు. హమ్మయ్య. అప్పటినుంచి భయంగా ఉంది.

మరి నువ్వెందుకు వచ్చెయ్యవు అంటావు. అదే ఆలోచిస్తున్నాను. ఇంటికొస్తే పొద్దున్న ఎన్నింటికి లేవాలో, ఎప్పుడు తినాలో ఎవరు చెబుతారా అనిపిస్తోంది. ఇది అమ్మకి అస్సలు చెప్పకు.

నేను బాగానే ఉన్నాను. నిజంగా. మార్కులు బాగానే వస్తున్నాయి, అన్నం తింటున్నాను. నాన్న వచ్చేటప్పుడు చిన్న సీసాలో మాగాయ, ఒక అట్ట సేఫ్టీ పిన్నులు పంపించు. ఫోన్లో అడిగానని చెప్పు.

ఆ ఆదివారం లోపు నాన్నని ఒప్పించు. మన ఊరి కాలేజీలోనే చదువుతానను. అలుగు, అన్నం మానెయ్, ఏమైనా చెయ్. నీ మాట నాన్న కాదనరు. మధ్యలో రెండు బుధవారాలున్నాయి. రెండుసార్లూ ఫోన్లో నేను రమ్మనే అంటాను, నవ్వుతూనే అంటాను. నమ్మకు.

తాతయ్య కాళ్లకి నా బదులు నువ్వు దణ్ణం పెట్టి, నా పేరు చెప్పి దీవించమను. ఎందుకని అడిగితే పరీక్ష ఉందని చెప్పు. అమ్మానాన్నలకి నమస్కారాలు మనసులో చెప్పుకో, పైకి అనకు.

మిగిలిన స్టాండ్ల కోసం అంకుల్ రేపు వస్తాడు. ఇది పోస్టులో వేస్తానన్నాడు. ఒక మాట నీకు చెప్పకపోతే తప్పవుతుంది. మేడమ్ పక్కన లేకపోయినా నువ్వు రావాలనే ఉంది నాకు. పక్క మంచం మీద నువ్వుంటే ఎంత బాగుంటుందో అని రోజూ అనుకుంటాను. రేపటికి ఇది చింపేసి వచ్చెయ్యమని ఇంకోటి రాస్తానేమో. అందుకే ఇప్పుడే కవరు అంటించేస్తున్నాను.

ఇట్లు,
మీ అక్క
లావణ్య