ఏడున్నరకి రెండు రింగులు

ప్రియమైన చెల్లాయికి,

ఫోన్ చేస్తే రెండు ముక్కలు మాట్లాడి పెట్టేస్తున్నావు, అందుకే ఉత్తరం. మీ సంఘంలోవాళ్ళకి ఊపిరి చాలదు, మా షుగర్ సంఘం వాళ్ళకి రోజూ నడవక తప్పదు. రెండూ కలిపి మనం పెట్టుకున్న పద్ధతి రెండేళ్ళుగా బాగానే సాగుతోంది. పొద్దున ఏడున్నరకి మీవాళ్ళు మావాళ్ళకి మిస్డ్ కాల్ ఇస్తారు. రాకపోతే మావాళ్ళు నడక దారిలోనే వెళ్ళి తలుపు తడతారు.

మీ సంఘంలోని దర్జీ బాబాయి పోయి పన్నెండు రోజులైంది కదా. ఆయన నంబర్ నుంచి మా టీచరమ్మకి కాల్ ఇంకా వస్తూనే ఉంది. రెండు రింగులు, ఆగిపోతుంది. నిన్న ఆవిడ గబుక్కున ఎత్తింది. అవతల ఎవరో ఊపిరి కోసం అవస్థ పడుతున్న చప్పుడట. పాపం, ఆవిడకి ముద్ద దిగడం లేదు. ఒంటరిగా బతికిన మనిషి, ఆ ఫోన్ ఎవరి దగ్గరుందో కనుక్కో.

నీ అక్క

---

అక్కా,

వందలమంది పిల్లల్ని హడలగొట్టిన టీచరమ్మ రెండు రింగులకే హడలిపోయిందా? బాబాయి గది తాళం నా దగ్గరే ఉంది, చూస్తాను. కాల్ ఇచ్చేవాళ్ళ జాబితాలో ఆయన పేరు మాత్రం కొట్టేయకు. కాల్ రాని రోజున మనిషిని మా ఇంటికి పంపు. ఎందుకని అడక్కు. నా మీద ఒట్టు, మర్చిపోకు.

నీ చెల్లి

---

చెల్లాయ్,

నిన్న కాల్ రాలేదు, ఇవాళా రాలేదు. టీచరమ్మ కడుపునిండా తింది. నువ్వు పెట్టిన ఒట్టు గుర్తుంది కానీ, పోయినాయన కోసం బతికున్నవాళ్ళని తిప్పడం ఏమిటని ఊరుకున్నాను. పేరు కొట్టేశాను. పీడ విరగడైంది.

నువ్వూ ఫోన్ ఎత్తడం లేదు. అలిగావా?

అక్క

---

ప్రియమైన అక్కకి,

ఆస్పత్రి మంచం మీద నుంచి రాస్తున్నాను. రాయడానికి నర్సు పది నిమిషాలే ఇచ్చింది.

ఆ కాల్స్ చేసింది నేనే. గది సర్దుతుంటే బాబాయి ఫోన్ దొరికింది. నాకూ ఆయనకున్న ఊపిరి జబ్బే, ఎనిమిది నెలలైంది. ఊపిరి ఎలా తీసుకోవాలో నేర్పే మనిషికే ఊపిరాడదంటే మావాళ్ళు బెదిరిపోతారు. ఇదే జబ్బుతో మంచాన పడ్డ అమ్మకి సేవ చేసి నలిగిపోయిన నీకు చెప్పడానికి నోరు రాలేదు. సంఘం నడిపేవాళ్ళ పేర్లు ఏ జాబితాలోనూ ఉండవు కదా. అందుకే ఆయన పేరు వాడుకున్నాను.

మంగళవారం పొద్దున కుళాయి తిప్పి, అక్కడే పడిపోయాను. ఎనిమిదైంది. మీవాళ్ళు వస్తారని తలుపు వైపే చూస్తూ ఉన్నాను. వాళ్ళు కబుర్లు చెప్పుకుంటూ మా కిటికీ కింద నుంచే నడిచి వెళ్ళారు. టీచరమ్మ నవ్వు కూడా వినిపించింది. పిలుద్దామంటే గొంతు పెగల్లేదు. మర్నాడు పొద్దున కూడా అంతే. సాయంత్రం, గోడలోంచి నీళ్ళు కారుతున్నాయని పోట్లాడ్డానికి కింది వాటా ఆవిడ వచ్చి తలుపు పగలగొట్టించింది.

నిన్ను తప్పు పట్టను. చచ్చిపోయినాయన పేరుతో పిలిస్తే ఎవరొస్తారు? నా పేరు నేనే దాచుకున్నాను. దాన్ని ఆ జాబితాలో రాసి, నువ్వు వెంటనే రా. నాకు చాలా భయంగా ఉంది అక్కా.

నీ చెల్లి