సగం పువ్వు దగ్గర ఆగిన మగ్గం

నాయనా,

నువ్వు పోయి నేటికి ఏడాది. మగ్గం మీద చీర నువ్వు వదిలిన చోటే, సగం పువ్వు దగ్గరే ఉంది. రేపు మగ్గం విప్పేస్తున్నారని అమ్మ ఫోన్ చేస్తే కడప నుంచి వచ్చేశాను.

నిన్న కాలేజీలో ఫిజిక్స్ క్లాసులో మా పిల్లలకు చెప్పాను. కాలం నీళ్లలా పారదేమో, మగ్గంలా దెబ్బ తర్వాత దెబ్బగా నడుస్తుందేమో, ప్రతి దెబ్బకూ ఒకే నియమం ఉంటే ఈ పక్కా ఆ పక్కా ఒకేలా ఉండే సౌష్ఠవం దానంతటదే పుడుతుందేమో అని. అది నీ మాటే. "పువ్వు నేను నేసేది కాదుమ్మా. దెబ్బకొక పోగు. దెబ్బ సమంగా పడితే పువ్వు దానంతటదే వస్తాది" అనేవాడివి.

ఆ ఒక్క పువ్వు నిండితే చాలనుకుని మగ్గంలో కూర్చున్నాను. నువ్వు చేసినట్టే, మొదటి సగమే తిరగబడి వచ్చేలా డిజైను అట్టలు వెనక్కి తిప్పుతూ రెండో సగం నేశాను. నా దెబ్బ తేలిక. పోగులు వదులుగా పడి నా సగం వేలి మందం పొడుగొచ్చింది. విప్పి, గట్టిగా కొట్టాను. ఈసారి కురచైంది.

"ఇంగ చాలుమ్మా, పోగులు తెగిపోతాండాయి" అంది అమ్మ.

మూడోసారి కూడా విప్పాను నాయనా. ఎలా నేసినా, నువ్వు ఎక్కడ ఆగిపోయావో కనబడుతూనే ఉంది.