చాచిన కాలు

ఆదివారం రాత్రి, యలహంక

మూడు రోజుల చిక్కమగళూరు బైక్ ట్రిప్పు హాసన్ దాటకుండానే ముగిసింది. నా మడమ బెణికింది, బండి హ్యాండిల్ వంగింది. అంతే. అంతేనని ఎన్నిసార్లు అనుకున్నా దడ తగ్గడం లేదు.

ముందు బండి మీద వెళ్తున్న నా స్నేహితుడు రఫీ మలుపులో కుడికాలు బయటికి చాచాడు. కాలు పట్టేసిందేమో అనుకుని, నవ్వుకుంటూ నేనూ చాచాను. మరుక్షణం ఇసుకలో జారి పడ్డాను. నా వెనకే ఇంకో బండి మీద చెల్లి సుమ. తలెత్తి చూస్తే, నాకు బారెడు దూరంలో బండి ఆపి నిలబడి ఉంది.

ఆస్పత్రిలో రఫీ నా చెవిలో అన్నాడు: "దోవలో ఇసుక ఉంటే కాలు చూపిస్తామని పొద్దున్నే చెప్తి కదప్పా!" అతను ఆ సైగలు నేర్పుతున్నప్పుడు నేను ఇడ్లీ పార్సిల్ కట్టించుకుంటున్నాను. సుమ మాత్రం వింది.

ఇంటికొచ్చాక, "అన్న కాలు చూపియ్యకుంటే నేనూ పడిపోయేదాన్ని మా" అని అమ్మతో చెప్పింది. అమ్మ నాకు దిష్టి తీసింది. రేపైనా నిజం చెప్పాలి... చూద్దాం.

పక్క గదిలో సుమ గురక. చిన్నప్పటినుంచీ ఆ గురకను తిడుతూనే ఉన్నాను. ఈ రాత్రి తలుపు కొంచెం తీసే ఉంచాను.