కిటికీ కింద పండిన టమాటాలు

మామయ్యా,

పొయ్యి మీదున్నది టమాటా సాస్. సన్నటి సెగ మీదే ఉంచి, అడుగంటకుండా తిప్పుతూ ఉండండి. పళ్ళెంలో చుక్క వేస్తే చుట్టూ నీరు ఊరకూడదు, అప్పుడు కట్టేయండి. ఉప్పు వేశాను, మీరు మళ్ళీ వేయకండి. వేడి మీదే సీసాల్లో పోసేయండి.

పొద్దున కిటికీ కింద ఆకులు పక్కకు తీసి చూస్తే గుత్తులు గుత్తులుగా టమాటాలు! బకెట్ నిండింది, బేసిన్ నిండింది, ఆఖరికి ఆరేసిన మీ టోపీ కూడా నిండింది. ఎవరూ నాటలేదు, ఎవరూ నీళ్ళు పోయలేదు. పక్కనే చెత్తబుట్ట ఉన్నా, మీరు కుళ్ళిన టమాటాలు కిటికీలోంచి గిరాటేస్తారని నేనెంత గొంతు చించుకున్నానో! ఆ కుళ్ళులోంచి ఇంత ఎరుపా? గిన్నెలోకి చూస్తుంటే ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తోంది.

బస్సుకి టైమైంది.

మీ కోడలు

అన్నట్టు, ఆ కిటికీకి జాలీ కొట్టడానికి మధ్యాహ్నం వడ్రంగి వస్తాడు. మీ చేతికి అడ్డం పడాలని మొన్న నేనే రమ్మన్నాను. ఇక వద్దని చెప్పి పంపించేయండి. ఉడకబెట్టక ముందే తీసిన గింజలు సింకు పక్కన గిన్నెలో ఉన్నాయి. వాటినేం చెయ్యాలో మీకు నేను చెప్పాలా?