ఫోటోలో ఉన్నది నేనే

ఒమాహా, ఫిబ్రవరి 9, 1999

ప్రియమైన ఎమ్మెట్‌కి,

నీ ఉత్తరం నిన్న అందింది. ఫోన్లో నా మూలుగు వింటే నీకు నిద్ర పట్టదని రాశావు. మూలగడం నాకూ ఇష్టం లేదు. ఇక ఉత్తరాలే రాసుకుందాం. పెళ్ళయిన ఇరవై ఆరేళ్ళలో నువ్వు నాకు నాలుగు ముక్కలు రాసిన పాపాన పోలేదు. నాలుక సగం పోతేగాని మొగుడిచేత ఉత్తరం రాయించుకోలేకపోయాను చూడు.

బాగానే ఉన్నాను. ఓపల్ నడిపే ఈ వసతి గృహం వెచ్చగా ఉంటుంది. ఇక్కడందరూ ఆస్పత్రికి తిరిగే రోగులే కాబట్టి ఒకరి మొహం ఒకరు తేరిపార చూడరు. పొట్టకు పెట్టిన గొట్టంలో డబ్బాపాలు నేనే పోసుకోవడం నేర్చుకున్నాను. ఆ పాలు ఆస్పత్రి వ్యాన్‌లో వారం వారం వస్తాయి.

వీధి చివర మందుల దుకాణంలో కొత్త రూలు పెట్టారు. క్రిస్మస్ రోజుల్లో ఎవరో దొంగ కార్డులతో బాగా కొనుక్కుపోయారట. ఇప్పుడు క్రెడిట్ కార్డు ఇచ్చినా చెక్కు ఇచ్చినా ఫోటో ఉన్న గుర్తింపు చూపించాలి. కౌంటర్లో వాండా అనే ఆవిడ నా లైసెన్సు చూసి, నన్ను చూసి, మళ్ళీ లైసెన్సు చూసింది.

“ఇది మీరేనా అమ్మా?”

తలూపాను.

“ఒంట్లో బాగోలేదా?”

మళ్ళీ తలూపాను. పాపం, కార్డు గీకి పంపించేసింది. నేనూ స్కార్ఫ్ చుట్టుకునే ఉన్నానులే. వాపు ఇంకా తగ్గలేదు. అంతే, మరేం లేదు.

చలికి బయట తిరిగేటప్పుడు చెవులు కప్పుకో.

నీ నోరీన్

*

రాంచ్ నుంచి, ఫిబ్రవరి 16

నా నోరీన్,

ఈ వారం ఆవులన్నీ కూడబలుక్కున్నట్టు ఒక్కసారే ఈనుతున్నాయి. నిన్న మంచులో పుట్టిన దూడ కట్టెలా బిగుసుకుపోతే తెచ్చి నీ స్నానాల తొట్టిలో వేడినీళ్ళలో పడుకోబెట్టాను. అది లేచి నీ గులాబీరంగు తువ్వాలు నమిలింది. నన్ను తిట్టకు, దాన్ని తిట్టు. పక్క రాంచ్ ల్యూథర్ వచ్చి సాయం పడుతున్నాడు. వాడి వంట తింటున్నాను. నా బతుకు ఎలా ఉందో నీకు అర్థమయ్యే ఉంటుంది.

ఇక అసలు మాట. నిన్న ఓపల్‌కి ఫోన్ చేసి నీ సంగతి అడిగాను. “రెండో ఆపరేషన్ తర్వాత ఇప్పుడిప్పుడే తేరుకుంటోందండీ” అంది. నేను “రెండోదా?” అన్నాను. ఆవిడ నాలిక్కరుచుకుని పొయ్యి మీద ఏదో మాడుతోందని ఫోన్ పెట్టేసింది.

జనవరిలో ఆపరేషన్ రోజు నీ పక్కనే ఉన్నాను. కట్లతో ఉన్న నిన్ను చూసి ఇంటికొచ్చాను. ఆ తర్వాత ఏం జరిగింది? ఎవరిచేతనైనా ఒక ఫోటో తీయించి పంపు. ఎలా ఉన్నా సరే.

నీ ఎమ్మెట్

*

ఒమాహా, ఫిబ్రవరి 22

ఎమ్మెట్,

ఫోటో పంపను. అడగకు.

జనవరిలో కోసిన చోట చీము పట్టింది. మళ్ళీ కోశారు. ఈసారి ఎడమ దవడ ఎముకంతా తీసేశారు. చెంప తీసేసి తొడ చర్మం తెచ్చి అతికించారు. కింది పెదవి ఒక పక్కకు వేలాడుతుంది. ఎడమ కన్ను పూర్తిగా మూతపడదు. ఇదీ నీకు చెప్పనిది. దూడలు పుట్టే రోజుల్లో నువ్వు అన్నీ వదిలేసి పరిగెత్తుకొస్తావని చెప్పలేదని అనుకునేదాన్ని. అది అబద్ధం. నువ్వు చూస్తావని చెప్పలేదు.

శుక్రవారం జరిగింది రాస్తాను. ఎవరికో ఒకరికి చెప్పకపోతే పిచ్చెక్కేలా ఉంది.

మంచు తుఫానుకి ఆస్పత్రి వ్యాన్ రాలేదు. డబ్బాలు అయిపోయాయి. ఓపల్ ఏమో నది అవతల చెల్లెలింట్లో చిక్కుకుపోయింది. చేతిలో నగదు లేదు. స్కార్ఫ్ చుట్టుకుని దుకాణానికి నడిచాను. పాల డబ్బాలూ నొప్పి మందూ కౌంటర్ మీద పెట్టి కార్డూ లైసెన్సూ ఇచ్చాను. వాండా మొహం మాడ్చుకుంది.

“అమ్మా, పోయినసారి మిమ్మల్ని పంపినందుకు నాకు చీవాట్లు పడ్డాయి. మేనేజర్‌ని పిలవాలి.”

హాల్‌స్టెడ్ అనే మేనేజర్ వచ్చాడు. లైసెన్సు చేతిలోకి తీసుకున్నాడు. “ఇందులో ఉన్నావిడెవరు?”

నా గుండె మీద వేలు పెట్టి చూపించాను. నోట్లోంచి ఏదో శబ్దం వచ్చింది. వరసలో వెనక ఉన్నాయన “తాగి వచ్చిందా ఏం?” అన్నాడు. మాటలకు బదులు రాసి చూపించే పలక తీసి ‘క్యాన్సర్. ఆపరేషన్ అయింది’ అని రాశాను. రసీదు మీద సంతకం చేసి, కార్డు వెనక సంతకం పక్కన పెట్టి చూపించాను. ఒక్క గీత తేడా లేదు, ఎమ్మెట్.

“సంతకం ఎవరైనా నేర్చుకోవచ్చు మేడమ్. ఆ స్కార్ఫ్ తీయండి.”

తీశాను. అంతమందిలో.

వెనక సణుగుతున్న మనిషి గబుక్కున చూయింగ్ గమ్ పొట్లాల వైపు తిరిగాడు. హాల్‌స్టెడ్ మాత్రం తల తిప్పుకోలేదు. నన్నూ ఫోటోనూ ఒక్కొక్క భాగమే పోల్చి చూశాడు. “క్షమించండి. ఈ మనిషి మీరు కాదు” అన్నాడు. కార్డూ లైసెన్సూ గల్లాపెట్టెలో పడేశాడు. “ఈ కార్డు గల ఆవిడ వస్తే ఇస్తాను.”

నేను గల ఆవిడ వస్తే నన్ను ఇస్తాడట.

ఆదివారం దాకా పై అంతస్తు బెర్నడీన్ ఇచ్చిన పాలల్లో నీళ్ళూ చక్కెరా కలిపి గొట్టంలో పోసుకున్నాను. ఆకలి తట్టుకోగలను. అతను ఫోటో పక్కన నన్ను పెట్టి చూసిన చూపు తట్టుకోలేకపోతున్నాను. కోపం కూడా రావడం లేదు. అతను చెప్పింది నిజమే కదా అనిపిస్తోంది.

నోరీన్

*

రాంచ్, ఫిబ్రవరి 26

నోరీన్,

నీ ఉత్తరం చదివి పెరట్లోకి పోయి నీళ్ళ తొట్టిని కాలితో తన్నాను. కాలి బొటనవేలు వాచింది. తర్వాత ఫోన్ తీసి దుకాణానికి చేశాను.

“ఆమె నా భార్య” అన్నాను.

“సార్, మీరెవరో కూడా నాకు తెలీదు” అన్నాడు హాల్‌స్టెడ్.

“బ్యాంకువాళ్ళను అడిగాను. సంతకం సరిపోతే చాలు, ఫోటో లేదని సరుకు ఆపకూడదన్నారు.”

“దొంగ కార్డు అయితే నష్టం నా దుకాణానికి సార్, బ్యాంకుకి కాదు. క్రిస్మస్ తర్వాత ఇక్కడ ఇద్దరి ఉద్యోగాలు పోయాయి. మూడోవాణ్ణి నేనే అవుతాను.”

“నువ్వు ఆమె మొహం చూశావు. చూసి కూడా...”

“చూశాను. అందుకే నాకూ ఆ రోజు నుంచి బాగోలేదు. ఆవిణ్ణి ఎరిగినవాళ్ళు ఎవరైనా వచ్చి, ఈమే ఆమె అని చెప్పమనండి. నా చేత్తో నేనే ఇస్తాను” అన్నాడు.

నేను వస్తున్నాను. రోడ్డు మూసేశారు, తెరవగానే బయలుదేరతాను. వాడి ముందు నిలబడి చెబుతాను. నిన్ను వెయ్యిమందిలో నిలబెట్టినా, గోనెపట్టా కప్పినా పోలుస్తాను. నీ నడక చాలు నాకు. ఈ లోపల ఖర్చుకి ఉత్తరంలో నగదు పెట్టాను.

నీ ఎమ్మెట్

*

ఒమాహా, మార్చి 4

ఎమ్మెట్,

రావద్దు. బతిమాలుతున్నాను.

నువ్వు పోలుస్తానంటావు. దేన్ని పోలుస్తావు? తొడ నరం దెబ్బతిని కుంటుతున్నాను, ఆ నడక కూడా లేదు. బరువు సగమైంది. గొంతు లేదు. నన్ను చూస్తే నువ్వు మంచివాడివి కాబట్టి నవ్వుతావు. ఆ నవ్వు వెనక ఏముందో నాకు కనిపిస్తుంది. నిన్ను అలా చూసి బతకలేను.

ఇవాళ రేడియేషన్‌కి వెళ్ళలేదు. నిన్న కూడా వెళ్ళలేదు. నర్సు ఫోన్ చేస్తే పలకవద్దని ఓపల్‌కి రాసి చూపించాను. ఎవరి మొహాన్ని కాపాడటానికి ఇదంతా? ఆ గల్లాపెట్టెలో ఉన్న నోరీన్‌ని నువ్వు ఉంచుకో. నువ్వు పెళ్ళి చేసుకున్నది ఆవిణ్ణే. ఆవిడ జనవరిలోనే పోయిందని ల్యూథర్‌కి చెప్పు, చర్చిలో చెప్పు. ఏడవండి. అది నాకు తేలిక.

నిన్న వంతెన దాకా నడిచాను. కింద నది సగం గడ్డకట్టి ఉంది. చాలాసేపు నిలబడ్డాను. బెర్నడీన్ వెనకే వచ్చిందట, నాకు తెలియలేదు. నా చెయ్యి పట్టుకుని “నా మోకాళ్ళు ఇక నడవవే తల్లీ, నన్ను ఇంటికి తీసుకుపో” అంది. తీసుకొచ్చాను. దాని గురించి ఇంకేం రాయను.

నోరీన్

*

రాంచ్, మార్చి 21

నా నోరీన్,

ఇల్లు చేరాను. ల్యూథర్ మందను బాగానే చూసుకున్నాడు. నాకు అన్నం దిగడం లేదు.

నీతో ఉన్న అన్ని రోజులూ ఈ మాట ఎత్తలేకపోయాను. నువ్వూ ఎత్తలేదు. నీ వంతెన ఉత్తరం చేతిలో పట్టుకుని, మంచు తోసే బండి వెనకే ట్రక్కు నడుపుకుంటూ వచ్చాను. ఓపల్ ఇంటి తలుపు తోశాను. మెట్ల మీద స్కార్ఫ్ కట్టుకున్న ముసలావిడ ఎవరో నిలబడి ఉంది.

“అమ్మా, నోరీన్ కుచెరా గది ఎక్కడండీ?” అన్నాను.

నిన్నే అడిగాను.

వెయ్యిమందిలో పోలుస్తానని రాసినవాణ్ణి. అక్కడున్నది నువ్వొక్కదానివే. ఆ హాల్‌స్టెడ్ చేతిలో ఫోటో అయినా ఉంది, నేను నీతో సగం జీవితం బతికాను. తిరిగొచ్చే దారంతా అదే తలుచుకుంటూ రెండుసార్లు ట్రక్కు పక్కకు ఆపాను. నువ్వు నన్ను క్షమించినట్టు కనిపించావు. జాలిపడి కనిపించావో నిజంగానే కనిపించావో చెప్పు. అబద్ధం రాయకు. రేడియేషన్‌కి మాత్రం వెళ్ళు. నా మీద కోపంతోనైనా వెళ్ళు.

నీ ఎమ్మెట్

*

ఒమాహా, మార్చి 29

ప్రియమైన ఎమ్మెట్‌కి,

వెళ్తున్నాను. ఒక్కరోజు కూడా మానలేదు. గొంతంతా కాలిపోతోంది, డాక్టరు అలాగే ఉంటుందంటాడు. అది అతని గొంతు కాదుగా.

ఇప్పుడు మెట్ల సంగతి. నీకు తెలిసింది సగమే, మిగతా సగం విను.

కిటికీలోంచి నీ ట్రక్కు చూశాను. గది తలుపు గడియ పెట్టుకుందామనుకున్నాను. కానీ కాళ్ళు మెట్లు దిగాయి. నువ్వు లోపలికొచ్చి నన్ను చూసి, నోరీన్ గది ఎక్కడని అడిగావు. నేను భయపడ్డది జరగనే జరిగింది. అప్పుడు పలక తీసి ‘ఆమె వెళ్ళిపోయింది’ అని రాయబోయాను. మొదటి అక్షరం రాశాను కూడా. అది చూపిస్తే నువ్వు వెనక్కి పోతావనీ, నేను వంతెన మీదికి పోతాననీ అనుకున్నాను.

నువ్వు టోపీ తీశావు. “తొందరేం లేదమ్మా. ఆమె బయటికి వెళ్ళుంటే వచ్చేదాకా ఇక్కడే కూర్చుంటాను. మీకు అడ్డం లేకపోతే” అన్నావు. బూట్ల మీది మంచు ఓపల్ చాప మీద కరుగుతుంటే కింది మెట్టు మీద కూర్చున్నావు. “ఆమెకి ఒంట్లో బాగోలేదు. మనిషి చాలా మారిపోయిందట. నేను గుర్తుపట్టలేకపోతే ఏం చెయ్యాలో మీరు కాస్త చెప్పండమ్మా” అన్నావు. ముక్కూ మొహం తెలియని ఆడమనిషిని అడిగావు ఆ మాట.

నా మీద జాలిపడి ఎవరూ అలా మాట్లాడలేరు, ఎమ్మెట్. నేను వింటున్నానని నీకు తెలియదు. నువ్వు నన్ను గుర్తుపట్టి నవ్వి ఉంటే ఆ నవ్వును జన్మంతా అనుమానించేదాన్ని. నువ్వు గుర్తుపట్టలేదు, అయినా కదలకుండా కూర్చున్నావు. రాసిన అక్షరం తుడిచి ‘నేనే’ అని రాశాను. ఆ తర్వాతది నీకు తెలుసు. నీ ఏడుపుకి ఇల్లంతా లేచింది. మొదటి రోజంతా నాతో మాట్లాడుతూ గోడకేసి చూశావు, అదీ గమనించాను. మర్నాడు నా కంట్లో మందు చుక్కలు నువ్వే వేస్తానన్నావు. అప్పటి నుంచి గోడ జోలికి పోలేదు. ఇది జాలో మరోటో నువ్వే తేల్చుకో. నా వైపు నుంచి లెక్కేం మిగల్లేదు.

నిన్న ఒంటరిగా దుకాణానికి వెళ్ళాను, ఈమే ఆమె అని నువ్వు చెప్పాక హాల్‌స్టెడ్ తిరిగిచ్చిన క్రెడిట్ కార్డు పట్టుకుని. గుర్తింపు కార్డు మీద ఇప్పుడున్నది మనం వెళ్ళి తీయించిన కొత్త ఫోటో. ఆ ఆఫీసులో స్కార్ఫ్ తీయమన్నప్పుడు నువ్వు చెయ్యి చాచి అందుకున్నావు చూడు, ఆ ఫోటో. హాల్‌స్టెడ్ దూరం నుంచి తలవంచి పలకరించి లోపలికి పోయాడు. పోనీలే. వాండా మాత్రం క్రెడిట్ కార్డుతో పాటు గుర్తింపు అడిగింది. అడగకుండా వదిలేస్తుందేమోనని భయపడ్డాను. అడిగింది, మంచిదయింది. అందరినీ అడిగినట్టే అడిగింది.

ఫోటో చూసింది, నన్ను చూసింది. ఎక్కువసేపు పట్టలేదు. “సరిపోయింది మిసెస్ కుచెరా” అంది. సరిపోయిందట. ఇక ఈ మొహమే నాది. ప్రభుత్వం ముద్ర వేసి మరీ ఇచ్చింది. అక్కడే కూలబడి ఏడుస్తాననుకున్నాను.

ఈలోగా వాండా కార్డు మళ్ళీ కళ్ళ దగ్గర పెట్టుకుంది. “ఏమనుకోకండి అమ్మా, ఇందులో మీరు ఎవరిమీదో కోపంగా ఉన్నట్టున్నారు” అంది.

పలక తీసి ‘నవ్వుతున్నాను’ అని రాశాను. ఆ కెమెరా వెనక నిలబడి నువ్వు కోతి చేష్టలు చేశావు కదా.

వాండా ఆ మాట చదివి ఫోటోని వెలుతురుకి తిప్పింది. వెనక వరస పెరుగుతోంది. ఎవరో దగ్గారు. ఆమె తొందరపడలేదు. నా మొహాన్నీ ఫోటోనూ చాలాసేపు చూసి, మెల్లిగా అంది: “ఆఁ... అవునమ్మా. ఇప్పుడు తెలుస్తోంది.”

నీ నోరీన్